ఫొటోను పెయింటింగ్‌గా మార్చడం: చంద్రగిరి రాజమహల్ ఫొటోతో మొదటి నుంచి ప్రింటు దాకా

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 'ఆయిల్ పెయింట్' అనే ఫిల్టర్ ఒక్కటి నొక్కి వదిలేస్తే, చూసినవాళ్లకు అది ఫిల్టరే అని వెంటనే తెలిసిపోతుంది. ఎందుకంటే ఆ ఫిల్టర్ బొమ్మ మొత్తాన్నీ ఒకే తీరుగా అలికేస్తుంది. ఆకాశం మీదా, గోడ మీదా, మనిషి కంటి మీదా అదే కుంచె, అదే సైజు, అదే ఒత్తిడి. బొమ్మ వేసే మనిషి అలా వేయడు. ఆకాశాన్ని పెద్ద కుంచెతో నాలుగు పట్టలు వేసి వదిలేస్తాడు. చెట్టుకు వెయ్యి ఆకులుంటే పాతిక వేసి ఊరుకుంటాడు. చూపు ఆగాల్సిన చోట మాత్రం సన్న కుంచె పట్టుకుని గంటల తరబడి కూర్చుంటాడు.

కెమెరా అన్నీ పట్టేస్తుంది, చిత్రకారుడు చాలా వదిలేస్తాడు. కాబట్టి మన పనిలో ఎక్కువ భాగం ఫొటోలోంచి తీసేయడమే. కుంచె గీతలు ఆ తర్వాత వస్తాయి. కింద చెప్పేదంతా ఈ వరుసలోనే ఉంటుంది. వరుస మారిస్తే ఫలితం చెడుతుంది, దయచేసి మార్చకండి.

మొదటి నుంచి చివరి దాకా ఒకే ఫొటో పట్టుకుని చెబుతాను. చంద్రగిరి కోటలోని రాజమహల్, సాయంత్రపు ఎండలో, చిన్న కొలను గట్టు మీద నుంచి తీసింది. తిరుపతి నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే కాబట్టి మన జిల్లావాళ్లు ఎవరైనా వెళ్లి ఇలాంటి ఫొటో తీసుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్

నేను గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చెబుతాను. ఉచితం. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. దానికి తోడు, మరిన్ని ఫిల్టర్లు జోడించే 'జీమిక్' అనే ప్లగిన్ కూడా ఉచితంగా దొరుకుతుంది, అదీ వేసుకోండి. ఫొటోషాప్ ఉన్నవాళ్లకు ఏ పనికి ఏ టూల్ వాడాలో చివర్లో విడిగా చెప్పాను. మెనూల పేర్లు తెర మీద ఇంగ్లీషులో ఎలా కనబడతాయో అలాగే తెలుగు లిపిలో రాశాను. వెర్షన్‌ను బట్టి ఒకటీ అరా వేరే మెనూలో ఉండొచ్చు. దొరక్కపోతే స్లాష్ కీ నొక్కండి, వెతుకుడు పెట్టె తెరుచుకుంటుంది, అందులో పేరు కొడితే చాలు.

ఫొటో ఎంపిక

అన్ని ఫొటోలూ పెయింటింగ్‌కు ఒప్పవు. రాజమహల్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. కట్టె వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన మూడంతస్తుల భవనం అది. వెడల్పాటి గోడలు, వాటిలో లోతుగా నీడ నిండిన కమానులు, పైన గోపురాల్లాంటి శిఖరాలు. వెనక బండరాళ్ల కొండ. అంటే పెద్ద పెద్ద ఆకారాలు, వెలుగుకూ నీడకూ మధ్య స్పష్టమైన తేడా. పెయింటింగ్‌కు కావలసింది ఇదే.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి గాలిగోపురం ఇంతకంటే గొప్ప దృశ్యమే. కానీ దాని మీద లెక్కలేనన్ని చిన్న బొమ్మలున్నాయి. ఫిల్టర్ వాటి ముఖాలన్నింటినీ ముద్దలు చేసేస్తుంది. మొదటి ప్రయత్నానికి గోపురం వద్దు. ఎప్పటికైనా అదే చేయాలనుకుంటే దూరం నుంచి తీయండి. సంధ్యవేళ ఆకాశం ముందు గోపురం మొత్తం ఒకే నీడాకారంగా నిలబడితే, పైన బంగారు కలశాల మీద మాత్రం వెలుగు పడితే, అది బాగా వస్తుంది. తిరుమల గుడిలోకి ఫోన్లు, కెమెరాలు తీసుకువెళ్లనివ్వరని మీకు తెలిసిందే. కపిలతీర్థం జలపాతం వానాకాలంలో బయటి నుంచి కనబడే తీరు కూడా మంచి వస్తువు. నీళ్లను తెల్లటి ఒకే పట్టగా వేయొచ్చు.

వెలుగు పక్క నుంచి రావాలి. మన ఎండాకాలపు మధ్యాహ్నం ఎండ నెత్తి మీద నుంచి కొడుతుంది, గోడలన్నీ చదునుగా తెల్లబోతాయి, అందులో పట్టుకోవడానికి ఆకారమే ఉండదు. పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం నాలుగున్నర దాటాక తీయండి.

ఫోన్‌తో తీస్తే మూడు జాగ్రత్తలు. పోర్ట్రెయిట్ మోడ్ వాడకండి. అది వెనక భాగాన్ని లెక్కగట్టి మసక చేస్తుంది, జుట్టు దగ్గర, కొమ్మల దగ్గర ఆ లెక్క తప్పుతుంది, ఆ తప్పులు పెయింటింగ్‌లో ఇంకా పెద్దగా కనబడతాయి. జూమ్ చేయకండి, దగ్గరికి నడవండి. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే అందులో తీయండి. మామూలు మోడ్‌లో ఫోనే షార్ప్ చేసి ఇస్తుంది. అలా చేసినప్పుడు అంచుల వెంట సన్నటి తెల్ల గీత పడుతుంది, ఫిల్టర్ దాన్ని నిజమైన వస్తువు అనుకుని రంగు వేసేస్తుంది.

సైజు ముందే తేల్చుకోవాలి

చాలామంది చివరికి వదిలేసే పని ఇది. ఫిల్టర్లలో కుంచె సైజు పిక్సెళ్లలో ఉంటుంది. వెయ్యి పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మ మీద 10 అంటే లావు కుంచె. నాలుగు వేల పిక్సెళ్ల బొమ్మ మీద అదే 10 సన్న కుంచె. అందుకే ఎవరైనా 'రేడియస్ ఇంత పెట్టు' అని చెబితే, ఎంత బొమ్మ మీద అని అడగాలి.

గోడకు 12 × 18 అంగుళాల బొమ్మ పెట్టుకోవాలనుకుందాం. మామూలు ఫొటోకు అంగుళానికి 300 పిక్సెళ్లు అడుగుతారు. పెయింటింగ్‌కు 200 సరిపోతాయి, ఎందుకంటే సన్న వివరాలను మనమే తీసేస్తున్నాం. అంటే 2400 × 3600 పిక్సెళ్లు. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటో సాధారణంగా 4000 × 3000 ఉంటుంది కాబట్టి కత్తిరించినా సరిపోతుంది. ముందుగా క్రాప్ టూల్‌తో 3:2 నిష్పత్తిలో కత్తిరించండి, తర్వాత 'ఇమేజ్' మెనూలో 'స్కేల్ ఇమేజ్'కి వెళ్లి 3600 వెడల్పు పెట్టండి. ఇక్కడి నుంచి నేను చెప్పే పిక్సెళ్ల అంకెలన్నీ (బ్లర్, ఫెదర్, రేడియస్ లాంటివి) ఈ సైజుకే. మీ బొమ్మ వెడల్పు 1800 అయితే ఆ అంకెలను సగం చేసుకోండి.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోతో మొదలుపెట్టకండి. కుదించేటప్పుడు పడిన చదరపు మచ్చలు దానిలో ఉంటాయి, అవి పోవు.

ఫైలును గింప్ సొంత పద్ధతి ఎక్స్‌సీఎఫ్‌లో సేవ్ చేసుకోండి, లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన బొమ్మ పొరలు, చెక్కుచెదరకుండా ఉంటాయి. అసలు ఫొటో లేయర్‌ను ముట్టుకోకుండా, దాని నకలు తీసి నకలు మీదే పని చేయండి.

తీసేయాల్సినవి

కరెంటు తీగలు, సైన్‌బోర్డులు, చెత్తడబ్బాలు, గట్టు మీద పడేసిన నీళ్ల సీసాలు, దూరంగా సగం కనబడే మనుషులు. బొమ్మ వేసేవాడు వీటిని అసలు వేయడు. హీల్ టూల్, క్లోన్ టూల్ వాడి తీసేయండి. ఇక్కడ ఫొటో ఎడిటింగ్‌లో ఉండేంత శుభ్రత అక్కర్లేదు, చిన్న అతుకులు తర్వాతి రంగుల కింద కలిసిపోతాయి.

ఒక్క మనిషిని మాత్రం ఉంచమంటాను. రాజమహల్ ముందు నడుస్తున్న ఒకే ఒక మనిషి ఉంటే ఆ భవనం ఎంత పెద్దదో తెలుస్తుంది. ఎర్ర చీరో, పసుపు చీరో అయితే ఇంకా మంచిది. గడ్డి పచ్చ, రాయి గోధుమ మధ్య చూపు అక్కడే ఆగుతుంది. నా ఫొటోలో అలా ఎర్ర చీరలో ఒకామె దొరికింది, ఇంత చిన్న ఆకారంలో ముఖం గుర్తుపట్టే వీలు లేదు కాబట్టి ఉంచాను.

వెలుగునీడలు

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. ఇది సరిగా కుదిరితే ఏ ఫిల్టర్ వాడినా బొమ్మ నిలబడుతుంది. ఇది కుదరకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరూ కాపాడలేదు.

ఇప్పటి ఫోన్లు ఒకే నొక్కుకు అనేక ఫొటోలు తీసి కలుపుతాయి. అందువల్ల నీడలోనూ వివరాలు కనబడతాయి, వెలుగులోనూ కనబడతాయి. రాజమహల్ కమాను లోపలి ఇటుకలు కూడా లెక్కపెట్టొచ్చు. చూడటానికి బాగుంది కదా అనిపిస్తుంది. పెయింటింగ్‌కు అదే శత్రువు. పెయింటింగ్‌లో నీడ అంటే ఒక పెద్ద ముద్ద. కమాను లోపల ఏముందో చూసేవాళ్ల ఊహకే వదిలేస్తారు.

ముందు మీ ఫొటోలో ముద్దలు ఎలా ఉన్నాయో చూసుకోవాలి. లేయర్ నకలు ఇంకొకటి తీసి, 'కలర్స్' మెనూలో 'డీశాచురేట్'తో నలుపుతెలుపు చేయండి. దాని మీద 'గాషియన్ బ్లర్' 8 దాకా వేసి, తర్వాత 'కలర్స్'లోనే 'పోస్టరైజ్' తెరిచి లెవెల్స్ 4 పెట్టండి. బొమ్మ నాలుగే ఛాయలుగా విడిపోతుంది: నలుపు, ముదురు బూడిద, లేత బూడిద, తెలుపు. ఇప్పుడు తెరకు నాలుగడుగులు వెనక్కి జరిగి చూడండి. ఏముందో అర్థమవుతోందా? భవనం ఒక ఆకారంగా, కొండ ఒక ఆకారంగా, ఆకాశం ఒక ఆకారంగా విడివిడిగా తెలిస్తే ఫొటో మంచిదే. అన్నీ చిన్న చిన్న మచ్చలుగా చెదిరిపోయి ఉంటే వెలుగునీడలు సర్దాలి.

నా రాజమహల్ ఫొటోలో కొండా భవనమూ ఒకే ఛాయలో పడ్డాయి. ఇలాంటప్పుడు రెండింటిలో ఒకదాన్ని కదపాలి. కొండ దూరంలో ఉంది, మధ్యలో గాలి, దుమ్ము ఉన్నాయి, కాబట్టి సహజంగానే అది లేతగా ఉండాలి. ఫ్రీ సెలెక్ట్ టూల్‌తో కొండను ఎంచుకుని, 'సెలెక్ట్' మెనూలో అంచును మెత్తబరిచే 'ఫెదర్' 15 ఇచ్చి, ఒక గీతను వంచి వెలుగునీడలు సర్దే 'కర్వ్స్'లో కొండ నీడలను కొంచెం పైకి లేపాను. కొండ వెనక్కి జరిగింది, మహల్ ముందుకొచ్చింది.

ఆ తర్వాత మొత్తం బొమ్మకు 'కర్వ్స్' వేయండి. గీత ఎడమ కొసకు దగ్గర్లో ఒక బిందువు పెట్టి కిందికి లాగితే నీడలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కమానుల లోపలి ఇటుకలు మాయమైతే అక్కడ ఆపండి. కుడి కొస దగ్గర మాత్రం ముట్టుకోకండి. ఎండ పడిన గోడ మరీ తెల్లబోతే దాని మీద తర్వాత వేయడానికి రంగే మిగలదు.

నాలుగు ఛాయల లేయర్‌ను తీసేయకుండా కన్ను గుర్తు ఆపి దాచిపెట్టండి. పని మధ్యలో దారి తప్పినట్టు అనిపిస్తే తెరిచి చూసుకోవచ్చు.

రంగు

ఫోన్ పచ్చను నమ్మొద్దు. కోట లోపలి పచ్చిక ఫోన్‌లో ప్లాస్టిక్ పచ్చగా వస్తుంది. 'హ్యూ-శాచురేషన్'లో గ్రీన్‌ను ఎంచుకుని శాచురేషన్‌ను (రంగు గాఢతను) 30 మేర తగ్గించి, హ్యూను (రంగు ఛాయను) కొంచెం పసుపువైపు జరపండి.

తర్వాత 'కలర్ బ్యాలెన్స్'. సాయంత్రపు ఎండ పసుపు, నారింజ. దానికి ఎదురుగా నీడలు నీలం వైపు మొగ్గుతాయి, ఎందుకంటే నీడలో పడేది ఆకాశం నుంచి వచ్చే వెలుగు మాత్రమే. అందువల్ల షాడోస్‌లో నీలం వైపు 10 నుంచి 15, హైలైట్స్‌లో పసుపు వైపు 10 జరపండి. తైలవర్ణ చిత్రాల్లో నీడలు ఉత్త నలుపుగా ఉండటం అరుదు, ఊదాగానో నీలంగానో ఉంటాయి. ఈ ఒక్క మార్పుతోనే బొమ్మ సగం ఫొటోతనం పోగొట్టుకుంటుంది.

మూడు కుంచెలు

ముందు ఫోన్ షార్ప్‌నెస్‌ను, నాయిస్‌ను (గింజల్లాంటి చుక్కలను) తుడిచేయాలి. అంచులు చెరపకుండా లోపలి భాగాన్ని మాత్రమే నునుపు చేసే ఫిల్టర్లు దీనికి కావాలి. గింప్‌లో 'సిమెట్రిక్ నియరెస్ట్ నైబర్' అలాంటిది. జీమిక్ కిటికీలోని వెతుకుడు పెట్టెలో 'కువహరా' అని కొడితే ఇంకొకటి దొరుకుతుంది. ఇది 1970ల్లో జపాన్‌లో గుండె వైద్య చిత్రాల్లోని నాయిస్ తగ్గించడానికి పుట్టిన పద్ధతి. ప్రతి పిక్సెల్ చుట్టూ ఉన్న ప్రాంతాన్ని నాలుగు భాగాలు చేస్తుంది, ఏ భాగంలో రంగులు ఎక్కువ ఒకేలా ఉన్నాయో ఆ భాగం సగటు రంగును మాత్రమే తీసుకుంటుంది. గోడ అంచున ఉన్న పిక్సెల్ గోడ రంగో ఆకాశం రంగో ఒకటే తీసుకుంటుంది, రెండూ కలవవు. అందుకే అంచు నిలబడి, లోపలంతా చదును పడుతుంది. కుంచెతో ఒక పట్ట వేసినట్టు ఉండటానికి కారణం అదే. రేడియస్ 4 లేదా 5 చాలు.

ఇప్పుడు ఈ లేయర్‌కు రెండు నకళ్లు తీసి మొత్తం మూడు చేయండి. అడుగుదానికి 'పెద్ద', మధ్యదానికి 'మధ్య', పైదానికి 'చిన్న' అని పేర్లు పెట్టండి. ఒక్కోదాని మీద 'ఫిల్టర్స్'లో 'ఆర్టిస్టిక్'లో ఉన్న 'ఆయిలిఫై' వేయాలి. ఇది చుట్టూ ఉన్న పిక్సెళ్లలో ఏ వెలుగు స్థాయి ఎక్కువసార్లు వచ్చిందో చూసి ఆ రంగును పెడుతుంది. మాస్క్ రేడియస్ 'పెద్ద'కు 20, 'మధ్య'కు 10, 'చిన్న'కు 4. రేడియస్ 20 అంటే మచ్చ సుమారు 40 పిక్సెళ్లు. మన ప్రింటులో అంగుళంలో ఐదో వంతు, అంటే 5 మిల్లీమీటర్లు. ఈ సైజు బొమ్మకు చేత్తో వేసే నడిరకం కుంచె గుర్తు దాదాపు అంతే ఉంటుంది. రేడియస్ 4 అంటే ఒక మిల్లీమీటరు, సన్న కుంచె.

తర్వాత 'మధ్య', 'చిన్న' లేయర్లకు లేయర్ మాస్క్ పెట్టండి, అడిగినప్పుడు 'బ్లాక్' ఎంచుకోండి. నల్ల మాస్క్ లేయర్‌ను పూర్తిగా దాచేస్తుంది, కాబట్టి తెర మీద 'పెద్ద' లేయర్ ఒక్కటే మిగులుతుంది. మహల్ మొరటుగా, ముద్దగా కనబడుతుంది. కంగారు పడకండి, నిజంగా రంగులు వేసేవాళ్లు కూడా ఇక్కడి నుంచే మొదలుపెడతారు.

'మధ్య' మాస్క్ మీద క్లిక్ చేసి, అంచులు మెత్తగా ఉన్న కుంచెతో తెల్ల రంగు పూయండి. ఎక్కడ పూస్తే అక్కడ వివరం పైకి తేలుతుంది. మహల్ గోడలు, శిఖరాలు, ముందున్న మెట్లు. కొండకు వద్దు, ఆకాశానికి వద్దు. కొలనుకు గట్టు దగ్గర మాత్రం కొంచెం. తర్వాత 'చిన్న' మాస్క్. దీన్ని బాగా పొదుపుగా వాడాలి. ఎర్ర చీర మనిషి, ఆమెకు దగ్గర్లోని రెండు కమానులు, ఎండ తగిలే శిఖరాల అంచులు, అంతే. 'చిన్న' లేయర్ తెరుచుకున్న భాగం మొత్తం బొమ్మలో పదో వంతు దాటిందంటే వెనక్కి వెళ్లి నల్ల రంగుతో మూసేయండి. తెల్ల కుంచె చేతిలో ఉంటే ఇంకొంచెం, ఇంకొంచెం అని మనసు లాగుతూనే ఉంటుంది. వివరం ఎక్కువైన ప్రతిసారీ మళ్లీ ఫొటో వైపే జారుతున్నాం.

కుంచె గీతల దిశ

ఆయిలిఫై మచ్చలకు దిశ ఉండదు, అన్నీ గుండ్రంగా ఉంటాయి. మనిషి చేతి గీతకు దిశ ఉంటుంది. ఆ దిశ చేత్తోనే ఇవ్వాలి, దీనికి దగ్గరదారి నాకు కనబడలేదు.

'లేయర్' మెనూలో 'న్యూ ఫ్రమ్ విజిబుల్' కొడితే ఇప్పటిదాకా కనబడుతున్నదంతా ఒకే లేయర్‌గా పైన వస్తుంది. స్మడ్జ్ టూల్ తీసుకోండి. గుండ్రటి మెత్తటి బ్రష్ వద్దు, వెంట్రుకల గుర్తులున్న బ్రష్ ఎంచుకోండి, గింప్‌తో వచ్చేవాటిలో అలాంటివి ఉన్నాయి. రేట్ 50 నుంచి 60.

గీత వస్తువు ఆకారం వెంట నడవాలి. గోడ మీద పై నుంచి కిందికి, మెట్ల మీద అడ్డంగా, కమాను దగ్గర దాని వంపు వెంట. శిఖరం మీద దాని గుండ్రం వెంట చుట్టూ. బండరాయి మీద రాయి ఎటు వాలి ఉంటే అటు. ఆకాశంలో పొడవాటి వాలు గీతలు, అన్నీ సమాంతరంగా కాకుండా. చెట్ల మీద లాగకండి, ఒక్కో చోట నొక్కి వదిలేయండి, ఆకుల గుత్తుల్లా వస్తాయి. కొలనులో ప్రతిబింబాన్ని ముందు నిలువుగా లాగి, ఆ తర్వాత రెండు మూడు చోట్ల మాత్రమే అడ్డంగా ఒక గీత లాగితే నీళ్లు నీళ్లలా కనబడతాయి.

గీతలు పొట్టిగా ఉండాలి. బొమ్మను వంద శాతం కంటే ఎక్కువ పెద్దది చేసి చూస్తూ పని చేయకండి. దగ్గరగా చూసినకొద్దీ చేయి సన్న పనికి దిగుతుంది. మౌస్‌తో చేయొచ్చు. పెన్ టాబ్లెట్ ఉంటే ఒత్తిడిని బట్టి గీత మందం మారుతుంది కాబట్టి పని హాయిగా సాగుతుంది, కొనాల్సిన అవసరం మాత్రం లేదు.

అంచుల సంగతి కూడా ఇప్పుడే చూడాలి. ఫొటోలో ప్రతి అంచూ కత్తిరించినట్టు ఉంటుంది. పెయింటింగ్‌లో కొన్ని అంచులు గట్టిగా, కొన్ని పక్క రంగులోకి కరిగిపోయి ఉంటాయి. మహల్ నీడవైపు గోడ, దాని వెనక చెట్లు రెండూ ముదురే కాబట్టి ఆ అంచు మీదుగా స్మడ్జ్‌తో అటూ ఇటూ లాగి కలిపేశాను. ఎండవైపు గోడ, ఆకాశం కలిసే అంచును ముట్టుకోలేదు. కొండ పై అంచును అక్కడక్కడా ఆకాశంలోకి లాగాను. చేసి చూడండి, ఎన్ని ఫిల్టర్లు వేసినా రాని ఊపిరి బొమ్మలోకి వస్తుంది.

చివరగా, కొత్త ఖాళీ లేయర్ మీద మామూలు పెయింట్ బ్రష్‌తో మెరుపులు వేయండి. బ్రష్ చేతిలో ఉండగా కంట్రోల్ కీ నొక్కి బొమ్మలో ఎక్కడ క్లిక్ చేస్తే అక్కడి రంగు వస్తుంది. దాన్ని ఇంకొంచెం లేత చేసి శిఖరాల కొసల మీద, మెట్ల అంచుల మీద, చీర భుజం మీద ఒక్కో చుక్క. పది పదిహేను చుక్కలు దాటించకండి.

రంగు మందం, గుడ్డ నేత

తైలవర్ణానికి మందం ఉంటుంది, గీత అంచున వెలుగు పడుతుంది. అది తేవడానికి మళ్లీ 'న్యూ ఫ్రమ్ విజిబుల్' తీసి, డీశాచురేట్ చేసి, 'ఫిల్టర్స్'లో 'డిస్టార్ట్స్'లో ఉన్న 'ఎంబాస్' వేయండి. ఎలివేషన్ (వెలుగు పడే ఎత్తు) 30 దగ్గర పెడితే చదునైన చోట్లు నడిమి బూడిద రంగులో పడతాయి. డెప్త్ తక్కువగా మొదలుపెట్టండి. లేయర్ మోడ్‌ను 'ఓవర్‌లే' చేసి, ఒపాసిటీని (లేయర్ ఎంత గట్టిగా కనబడాలో చెప్పే శాతాన్ని) 20కి దించండి. బొమ్మ మొత్తం తెల్లబడితే ఎలివేషన్ ఎక్కువైందని అర్థం. అజిముత్‌ను (వెలుగు పడే దిశను) మాత్రం బొమ్మలో ఎండ ఎటు నుంచి వస్తోందో అటే తిప్పాలి. ఎండ ఎడమ నుంచి, రంగు మీద మెరుపు కుడి నుంచి ఉంటే చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా ఏదో తేడా కొడుతుంది. ఆకాశం మీద, కొండ మీద ఈ లేయర్‌ను మాస్క్‌తో సగం తగ్గించండి. రంగు మందంగా పడేది వెలుగున్న చోట, ముందున్న వస్తువుల మీద.

'అప్లై క్యాన్వాస్' అని గుడ్డ నేత పెట్టే ఫిల్టర్ కూడా ఉంది. కాగితం మీద ప్రింటు వేయించేటప్పుడు డెప్త్ 2 లేదా 3తో వాడొచ్చు. క్యాన్వాస్ గుడ్డ మీద వేయించేటట్టయితే అసలు వాడొద్దు. గుడ్డ నేత ఒకటి, ప్రింటు చేసిన నేత ఒకటి కలిసి బొమ్మ నకిలీగా తేలిపోతుంది.

ముఖాలు

పై పద్ధతిని ముఖం మీద యథాతథంగా వాడితే మైనం బొమ్మ వస్తుంది. ఇంట్లో అవ్వ ఫొటోను పెయింటింగ్‌గా చేసి పెట్టాలని చాలామంది అడుగుతారు. ఆమె ముడతలే ఆమె ముఖం. వాటిని నునుపు చేస్తే ఇంటివాళ్లే గుర్తుపట్టలేరు. ముఖం ఫ్రేమును నింపుతున్న ఫొటోలో అడుగు లేయర్ రేడియస్ 8 దాటనీయకండి. కళ్లు, ముక్కుపుటాలు, పెదవుల మధ్య గీత, ఈ మూడు చోట్ల 'చిన్న' లేయర్ పైన అసలు ఫొటోను కూడా 40 శాతం ఒపాసిటీతో కనబడనివ్వండి. చెవులు, జుట్టు, మెడ, చీర మడతలు ముద్దగానే వదిలేయండి. స్మడ్జ్ గీతలు నుదుటి మీద అడ్డంగా, చెంప మీద దవడ వైపు వంపుగా, ముక్కు మీద నిలువుగా సాగాలి. ముడతను దాటుకుంటూ అడ్డంగా లాగకండి, దాని వెంటే నడపండి.

తిరుపతి గంగజాతరలో వేషాలు కట్టినవాళ్ల ముఖాలు దీనికి ఎంతో బాగుంటాయి. రంగు పూసుకున్న ముఖంలో ఛాయలు ముందే తగ్గిపోయి, కళ్లు మాత్రం వెలుగుతూ ఉంటాయి, చిత్రకారుడి పని సగం వేషమే చేసి పెడుతుంది. వాళ్లు మొక్కు తీర్చుకుంటున్న భక్తులు. అడిగి, ఒప్పుకుంటేనే ఫొటో తీయండి.

నీటిరంగులు కావాలంటే

క్రమం అదే, మూడు మార్పులు. నీటిరంగుల్లో తెలుపు అంటే వేయకుండా వదిలేసిన కాగితం, కాబట్టి కర్వ్స్‌లో నీడలు కిందికి లాగే బదులు వెలుగులను పైకి లేపి, ఆకాశంలో చాలా భాగాన్ని కాగితం తెలుపులోకి వదిలేయండి. ఎంబాస్ వద్దు, నీటిరంగుకు మందం లేదు. బొమ్మ నాలుగు అంచులదాకా నింపకండి, తెల్ల లేయర్ పైన పెట్టి దాని మాస్క్ మీద పెద్ద గరుకు బ్రష్‌తో నల్ల రంగు పూస్తూ మధ్య భాగాన్ని మాత్రమే బయటపెట్టండి. తలకోనలాంటి చెట్ల మధ్య జలపాతానికి ఈ పద్ధతే నప్పుతుంది.

కలంకారీలా చేయగలమా?

మన జిల్లాలోనే శ్రీకాళహస్తి ఉంది కాబట్టి ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీకి ప్రాణం కలంతో చేత్తో గీసే నల్లటి గీత. ఫిల్టర్లు అంచులు వెతికి గీసే గీతలు తెగిపోతూ, అవసరం లేని చోట కూడా పడతాయి. కలంకారీ గీత అలా ఉండదు, ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో దానికి తెలుసు. అందువల్ల ఫొటోను 40 శాతానికి లేత చేసి, పైన ఖాళీ లేయర్ మీద మీరే గీతలు గీయాలి. చేయి వణుకుతుంటే పాత్స్ టూల్‌తో వంపులు పెట్టి 'స్ట్రోక్ పాత్' చేయండి.

రంగుల్లో కూడా హద్దు పాటించాలి. బెల్లం, ఇనుము ఊరబెట్టి తీసిన నలుపు, పటికతో పట్టే ఎరుపు, కరక్కాయ పువ్వు పసుపు, నీలిమందు నీలం, వీటి కలయికతో వచ్చే పచ్చ. ఈ రంగులను ఒక నిజమైన కలంకారీ గుడ్డ ఫొటో నుంచి తీసుకుని, వాటితోనే చదునుగా నింపండి. వెలుగునీడలు, దూరం దగ్గర తేడాలు మరిచిపోవాలి. ఇంట్లో పెట్టుకోవడానికి చక్కగా ఉంటుంది. అమ్మేటప్పుడు మాత్రం దానికి కలంకారీ అని పేరు పెట్టకండి. గుడ్డను పాలలో, కరక్కాయలో ముంచి, ఎండబెట్టి, ఉతికి, మళ్లీ మళ్లీ రంగు వేసే కుటుంబాల బతుకుదెరువు ఆ పేరు మీద ఉంది.

ఫొటోషాప్ వాడేవాళ్లకు

ఆయిలిఫై బదులు ఫొటోషాప్‌లో 'ఆయిల్ పెయింట్' ఫిల్టర్ ఉంది, 'ఫిల్టర్' మెనూలో 'స్టైలైజ్' కింద. దానిలో 'స్టైలైజేషన్', 'స్కేల్' రెండూ ముఖ్యం. 'లైటింగ్' టిక్కు తీసేసి, రంగు మందం చివర్లో విడిగా పెట్టుకోవడం మంచిది. లేయర్‌ను ముందే స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మారిస్తే ఎప్పుడైనా వెనక్కి వచ్చి అంకెలు మార్చుకోవచ్చు. స్మడ్జ్ బదులు 2010లో సీఎస్5తో వచ్చిన మిక్సర్ బ్రష్ వాడండి, ఈ పనికి అది చాలా మెరుగు. కొత్త ఖాళీ లేయర్ మీద 'శాంపిల్ ఆల్ లేయర్స్' టిక్కు పెట్టి, ప్రతి గీత తర్వాత బ్రష్ శుభ్రమయ్యే బటన్ నొక్కి ఉంచండి. లేకపోతే ఆకాశపు నీలం గోడ మీదకు వచ్చేస్తుంది.

ఫోన్‌లో ఒక్క నొక్కుతో చేసిపెట్టే యాప్‌లు, ఒక పెయింటింగ్ శైలిని ఫొటోకు పూసే ఏఐ పద్ధతులు ఇప్పుడు చాలా ఉన్నాయి. వాటి ఫలితాన్ని తీసుకొచ్చి ఇక్కడి 'పెద్ద' లేయర్ స్థానంలో పెట్టుకోవచ్చు. ఆకాశం, చెట్లు బాగా ఇస్తాయి. ఎక్కడ ఆపాలో, ఎక్కడ వివరం తెరవాలో మాత్రం మాస్క్‌తో మీరే తేల్చాలి.

ప్రింటు

తెర వెనక దీపం ఉంటుంది, గుడ్డ వెనక ఉండదు. అందుకే తెర మీద సరిగ్గా కనబడేది ప్రింటులో ఒక మెట్టు ముదురుగా వస్తుంది. నీడలను మనం ఇప్పటికే దగ్గరకు లాగాం కాబట్టి ఈ తేడా ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. చివరి ఫైలుకు 'కర్వ్స్'లో మధ్య బిందువును కొంచెం పైకి లేపండి.

క్యాన్వాస్‌ను చెక్క చట్రానికి చుట్టి బిగించేటట్టయితే నాలుగు వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ కావాలి. మహల్ శిఖరం పై అంచుకు దగ్గరగా ఉంటే అది చట్రం పక్కకు మడత పడిపోతుంది. కాబట్టి అంచుల్లోని ఆకాశాన్ని, నీళ్లను క్లోన్ టూల్‌తో బయటికి పెంచి ఇవ్వండి. కొత్తగా పెంచిన భాగం మీద కూడా నాలుగు స్మడ్జ్ గీతలు వేయడం మరవకండి.

లేయర్లున్న ఎక్స్‌సీఎఫ్ ఫైలును దాచుకుని, ప్రింటుకు ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో టిఫ్ గానీ, 95 నాణ్యతతో జేపెగ్ గానీ ఇవ్వండి. మొత్తం బొమ్మ వేయించే ముందు ఎర్ర చీర, కమాను, ఆకాశం మూడూ కలిసే చోటు నుంచి 4 × 6 అంగుళాల ముక్కను అసలు సైజులోనే, అంటే 800 × 1200 పిక్సెళ్లు కత్తిరించి మామూలు ఫొటో కాగితం మీద వేయించి చూడండి. ఖర్చు చాలా తక్కువ, కుంచె గీతల సైజు సరిపోయిందో లేదో చేతిలో పట్టుకుని తేల్చుకోవచ్చు. స్టూడియోవాళ్లకు ఫైలు ఇచ్చేటప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్పండి: ఆటో కరెక్షన్ ఆపేయమని, షార్ప్ చేయొద్దని. మామూలు ఫొటోలకు అలవాటుగా వాళ్లు ఆ రెండూ వేస్తుంటారు, వేస్తే మనం మూసిన నీడలు మళ్లీ తెరుచుకుంటాయి, కరిగించిన అంచులు మళ్లీ గట్టిపడతాయి.